నాలుగో అంతస్తులో పొంగిన పాట

మొన్న ఆదివారం నేను చేసిన ఘనకార్యం వింటే, మీరు నా పక్కన కూర్చుని టీ తాగడానికి కూడా భయపడతారు. ఒక్క పాట వినడానికి వెళ్లాను. ఒక్కటంటే ఒక్కటే! తిరిగొచ్చేటప్పటికి కట్టుకున్న కొత్త లుంగీ తడిసి బరువెక్కింది, ఓ బిల్డింగు మొత్తం నా పేరు నేర్చేసుకుంది. మూడో అంతస్తు డా మ్యా అనే పెద్దావిడైతే నన్ను తిట్టడానికి బర్మా భాష చాలక, మెట్ల మీద ఎప్పుడో విన్న తెలుగు ముక్కలు కూడా వాడేసింది.

మొదట్నుంచీ చెప్తాను. మధ్యలో నవ్వకండి.

నేను రంగూన్ తామ్వేలో ఫోన్లు బాగుచేసే కొట్టులో పనిచేస్తాను కదా. వానలు మొదలైన కొత్తలో రూతు అని ఒకమ్మాయి స్పీకరు పోయిన ఫోను పట్టుకొచ్చింది. మన తెలుగమ్మాయే. కొత్త స్పీకరు బిగించి, టెస్టు చేద్దామని అందులో ఉన్న పాట ఒకటి నొక్కాను.

పిల్లనగ్రోవి! ఎక్కడో మంచు కొండ మీద ఎవరో ఒంటరిగా కూర్చుని ఊదుతున్నట్టు. తర్వాత పెద్ద గుంపు ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు ఒక శబ్దం. బయట బస్సులు, వాన, బేరాలు... నాకేమీ వినపడలేదు. తలెత్తితే ఎదురుగా రూతు కళ్లు. అంతే. నా పని అయిపోయింది.

"ఏటీ పాట?" అన్నాను.

"మా నాన్న రికార్డులోది. ఇంగ్లీషోళ్ల పాత రాక్ బ్యాండు. రికార్డు ఒక వైపంతా ఒకటే పాట."

"ఎంత బాగుందో!"

ఆ అమ్మాయి అనుమానంగా చూసింది. "పాటా? నేనా?"

"రెండూ," అనేశాను. చూడండి, నా నోరు!

కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది. ఆ తర్వాత ఆ ఫోను మా కొట్టుకి చాలాసార్లు వచ్చింది. దానికి ఏ జబ్బూ లేదు.

చివరికి ఒకరోజు రూతే తేల్చేసింది. "మా నాన్నని అడగాలంటే ముందు ఆయనతో కూర్చుని ఒక రికార్డు ఒక వైపు పూర్తిగా వినాలి. మాట్లాడకూడదు, లేవకూడదు. మా మేనత్త కొడుకు సంబంధానికని వచ్చి పాట మధ్యలో ఫోను చూసుకున్నాడు. మళ్లీ ఆడి పేరెత్తనియ్యలేదు నాన్న."

"మాది గుడి, మీది చర్చి. దానికేమంటారో అని నా భయం."

"దానికి ఒప్పుకున్నా ఒప్పుకోవచ్చు. పాట మధ్యలో కదిలితే మాత్రం ఒప్పుకోడు."

ఇంత తేలికా! అనుకున్నాను. ప్రేమ కోసం ఎంతమంది ఎన్ని కష్టాలు పడ్డారు? నేను కుర్చీలో కూర్చుంటే చాలట! అయినా ముందు జాగ్రత్తగా ఫోనులో అలాంటి పాట వీడియో ఒకటి పెట్టి ప్రాక్టీసు చేశాను. భుజాల మీద దుప్పట్లలాంటివి కప్పుకున్న మగాళ్లు వాయిస్తూనే ఉన్నారు, వాయిస్తూనే ఉన్నారు. పాడేవాడు పక్కన నిలబడి తన వంతు కోసం చూస్తున్నాడు, క్లినిక్కులో పేషెంటులాగ. అతను నోరు తెరిచేలోపు నా డేటా అయిపోయింది.

సరే, ఆదివారం వచ్చింది. చర్చి అయ్యాక రమ్మన్నారు. ఎందుకంటే వాళ్ల వీధికి ఆ రోజు కరెంటు మధ్యాహ్నం వస్తుంది. మన దగ్గర కరెంటొస్తే ఏం చేస్తారో మీకు చెప్పాలా? దేవుడికి దండం తర్వాత, ముందు నీళ్ల మోటరు! కింద మోటరు, పైన వంటింట్లో టాంకు. కరెంటున్నప్పుడు ఎక్కించుకుంటే ఎక్కించుకున్నట్టు, లేకపోతే బకెట్లు పట్టుకుని నాలుగంతస్తులు దిగి ఎక్కాల్సిందే.

దానియేలు అంకుల్, అంటే రూతు వాళ్ల నాన్న, నన్ను పైనుంచి కింది దాకా చూసి ఒక కుర్చీ చూపించారు. ఆయన కుర్రతనంలో ఓడ ఇంజన్ రూములో పనిచేశారు. ఆ మోతకి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి ఇష్టమైనవి మాత్రం వింటుంది. ఇంగ్లండు రేవుల్లో మిగతావాళ్లు సెంట్లూ కోట్లూ కొనుక్కుంటుంటే, ఈయన పాత సామాన్ల కొట్లలో దూరి, అక్కడి పిల్లలు విని పారేసిన రికార్డులు ఏరుకొచ్చారట. గోడ వారగా నేల మీద వరసగా నిలబెట్టి ఉన్నాయి.

అందులోంచి ఒకటి తీసి, పసిపిల్లని అందించినట్టు నా చేతికిచ్చారు. అట్ట మీద ఆకాశంలో ఎగురుతున్న తిమింగలం. దాని పొట్టకి తలుపు. తలుపు ముందు ఒక ముసలాయన చెప్పులు విప్పుతున్నాడు. ఎక్కడా అక్షరం ముక్క లేదు.

"బ్యాండు పేరేది అంకుల్?"

"పేరేసుకోడానికి ఆళ్లేటి, సబ్బుల కంపెనీయా?"

తిమింగలాన్ని జాగ్రత్తగా ఆయన చేతికి తిరిగిచ్చేశాను.

ఈలోగా రూతు, వాళ్లమ్మ సుశీలమ్మ ఆంటీ బుట్టలు పట్టుకుని చిమిండైంగ్ బజారుకి బయల్దేరారు. ఆంటీ గుమ్మంలో ఆగి, "బాబూ, మోటరేసినాను. టాంకు నిండితే పైనుంచి పొర్లతాది. నీళ్ల సప్పుడు ఇనపడగానే ఎల్లి కట్టీ. ఈయనకి ఇనపడదు. మర్సిపోవు కదా?" అంది.

"నేనున్నాను కదా ఆంటీ!" అన్నాను. ఛాతీ మీద చెయ్యి కూడా వేసుకున్నాను, అంత అవసరం లేకపోయినా. రూతు వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "కదలకు" అని పెదాలతోనే అంది.

మీరే చెప్పండి. ఒకావిడ లేవమంది. ఒకావిడ కదలొద్దంది. నాకప్పుడు ఆ తిరకాసు తట్టనే లేదు.

అంకుల్ కుర్చీలో కాళ్లు పైకి మడుచుకుని కూర్చుని, కుడి చెవి స్పీకరు వైపు తిప్పి, రికార్డు మీద ముల్లు దించారు. గాలి. గుడి గంటలు. పిల్లనగ్రోవి. ఆహా! నేను రూతుతో కలిసి ఏదో కొండెక్కుతున్నాను. ఆమె జడ గాలికి... ఇంతలో గలగలా నీళ్లు!

ఒక్క ఉరుకు! వంటింట్లోకి దూకినట్టే పోయాను. గోనెపట్టా మీద కాలు జారి, గట్టు పట్టుకుని, స్విచ్చి కట్టేసి, గర్వంగా తిరిగొచ్చాను. అంకుల్ ముల్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు.

"ఏటైంది?"

"టాంకు నిండిపోయిందంకుల్."

"అది టాంకు కాదు, ఏరు. పాటలో ఏరు! మైకులట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి రికార్డు చేసినారు ఆళ్లు. నువ్వు స్విచ్చి కట్టీసినావా?"

మళ్లీ మోటరు వేశాను. మళ్లీ మొదటినుంచి పాట. ఆయన దగ్గర సగం నుంచి వినడం అనేది లేదు.

ఈసారి ఏరు వచ్చింది. చిరునవ్వుతో వదిలేశాను. డ్రమ్ములు మొదలయ్యాయి. తాళం వేద్దామని కాలు కదిపాను. మా గుడిలో భజనకి తాళాలు వేసేది నేనే కదా, ఆ ధైర్యం. నాలుగు దెబ్బలు కుదిరాయి. ఐదోది వేసేసరికి పాట అక్కడ లేదు. వెతుక్కున్నాను. ఎదురొచ్చింది. పట్టుకునేలోపు మళ్లీ పోయింది. అంకుల్ ఒక కన్ను తెరిచి, పాటది ఏడు దెబ్బల తాళమని వేళ్లతో లెక్కపెట్టి చూపించి, మళ్లీ మూసుకున్నారు. సిగ్గుతో కాలు ఆపేశాను.

అప్పుడు తలుపు మీద దబదబా బాదుడు. బజారు నుంచి అప్పుడే వచ్చేశారా? పరుగున వెళ్లి తీశాను. ఎవరూ లేరు. మెట్ల మీద పిల్లి నన్ను చూసి జాలిపడింది.

"అది పాటలో తలుపు!" లోపల్నుంచి అంకుల్ గొంతు. "తిమింగలం తలుపు! అట్ట మీద చూసినావు కదా?"

"సారీ అంకుల్..."

ఆయన పెద్ద నిట్టూర్పు విడిచారు. "అబ్బాయ్. ఇంకొక్కసారి ఏస్తాను. ఇంకొక్కసారే. ఆ తరవాత నీ దారి నీదీ, నా దారి నాదీ."

రూతు పెదాలు కళ్ల ముందు మెదిలాయి. కదలకు. ఆ క్షణాన నేనొక ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఏ శబ్దమొచ్చినా అది పాటే! పులి అరిచినా పాటే. పోలీసు ఈలేసినా పాటే. కళ్లు గట్టిగా మూసుకుని, కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను.

ముల్లు దిగింది. గాలి, గంటలు, ఏరు, అన్నీ పాత చుట్టాల్లా పలకరించి వెళ్లాయి. పాడేవాడికి కూడా చివరికి వంతు వచ్చింది. ఏమన్నాడో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, అతను రూతుని చూసినవాడే అని మాత్రం నాకు తెలిసిపోయింది. ఆ తర్వాత ఏరు మళ్లీ వచ్చింది. ఈసారి దగ్గరగా! ఇంకా దగ్గరగా! వెనక వైపు నుంచి కూడా వినపడుతోంది! ఏం రికార్డింగు! ఆ ఇంగ్లీషు వాళ్లకి నిజంగా చేతులెత్తి మొక్కాలి అనుకున్నాను.

కాసేపటికి పాదాలకి చల్లగా తగిలింది.

నవ్వకండన్నానా! గొప్ప సంగీతం వింటే ఒళ్లు చల్లబడుతుందని అంటారు కదా. నాకు కాళ్ల దగ్గర్నుంచి మొదలైందనుకున్నాను. ఆ చల్లదనం మడమల దాకా వచ్చింది. నా కళ్లల్లోంచి నీళ్లు కారాయి. ఒట్టు!

తలుపు బాదుడు. "వచ్చావా తిమింగలమా," అనుకున్నాను. ఈసారి చాలాసేపు బాదింది. ఒకావిడ కేకలు కూడా వేసింది. కిందటి రెండుసార్లలో ఈ కేకలు లేవే అని చిన్న అనుమానం తట్టింది గానీ, కిందటి రెండుసార్లూ నేనెక్కడ పూర్తిగా విన్నాను?

అప్పుడే నా చేతి మీద ఇంకో చెయ్యి పడింది. అంకుల్ది! నా ఎక్కిళ్లు మాత్రం ఆ కుడి చెవికి అందినట్టున్నాయి, గద్గదంగా అన్నారు: "పాటలో పడి ఏడుస్తున్నావేట్రా? ఇన్నేళ్లలో నా పక్కన కూకుని ఏడిసినోడు లేడురా అబ్బాయ్."

గెలిచాను! రూతు నాదే! ఆ క్షణంలోనే పాట గొంతు లావైపోయింది. పాడేవాడు దున్నపోతులా వోవ్... అని సాగదీసి, సాగదీసి, ఆగిపోయాడు. ఎంత అద్భుతమైన ముగింపు! లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. "అంకుల్, ఇలాంటి ఎండింగ్ నేను జీవితంలో వినలేదు!"

అంకుల్ కళ్లు తెరిచారు. "నేనూ ఇన్లేదు," అన్నారు. "ఇది రికార్డులో లేదు."

అప్పుడు చూశాను. నా చెప్పు ఒకటి గుమ్మం వైపు ప్రయాణం చేస్తోంది. వెనకే ఆంటీ ఉల్లిపాయలు రెండు. మొదటిసారి నేను జారినప్పుడు నా కాలు తన్నిన గోనెపట్టా వెళ్లి వంటింట్లో నీళ్లు పోయే కన్నం మీద చక్కగా మూతలా కూర్చుంది. టాంకు నిండి, పొర్లి, వంటిల్లు నిండి, హాల్లోకొచ్చి, మెట్లు దిగి, డా మ్యా ఇంట్లో పరుపుల్ని పలకరించింది. పాపం ఆవిడ బాది బాది, ఎవరూ తియ్యకపోతే, కిందకి దిగి అంకుల్ వాళ్ల ఫ్యూజు పీకేసింది. నేను చప్పట్లు కొట్టింది దానికి!

"రికార్డులు!" అని అంకుల్ కేక పెట్టారు.

నేల మీద నిలబెట్టినవి కదా, అట్టలన్నీ అడుగున తడిసి ఉబ్బిపోయాయి. ఇద్దరం ఒంగి ఒంగి లోపలి రికార్డులు బయటికి తీసి మంచం మీద పరిచాం. వాటికేం కాలేదు, దేవుడి దయ. అట్టల్ని మాత్రం బాల్కనీలో బట్టల దండేనికి క్లిప్పులు పెట్టి వేలాడదీశాం. తిమింగలం, రెక్కల కోట, గుడ్డులోంచి తొంగి చూసే పాదిరీ, అన్నీ వీధిలోకి వరసగా! కింద జనం ఆగి చూస్తున్నారు. ఏ దేవుడి పండగ అని ఒకాయన అడిగాడు.

బుట్ట నిండా చేపలతో రూతు, ఆంటీ అప్పుడే సందు మలుపు తిరిగారు. పైకొచ్చి, గుమ్మంలో నిలబడి, నీళ్లలో ఉన్న నన్ను చూశారు. ఆంటీ చేపల బుట్ట దించింది. చీపురు నా చేతిలో పెట్టింది. రూతు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది, ఏడుపో నవ్వో నాకు తెలియలేదు. సాయంత్రం దాకా నాలుగో అంతస్తు, మూడో అంతస్తు, మధ్యలో మెట్లు నేనే తోశాను. డా మ్యా పక్కనే నిలబడి ఎక్కడ తడుందో వేలితో చూపిస్తూ తిట్టింది.

నిన్న రూతు ఫోను చేసింది.

"నాన్న ఒప్పుకున్నాడు."

నేను కూర్చున్న స్టూలు మీంచి పడబోయాను. "మన పెళ్లికా?"

"అంత దూరం పోకు. మళ్లీ రమ్మన్నాడు. ఇల్లు మునిగినా పాట మధ్యలో లేవనోడు ఈ రంగూన్ మొత్తంలో ఈడొక్కడే అని కనపడినోళ్లందరికీ చెప్తున్నాడు. వచ్చే ఆదివారం రెండు రికార్డుల ఆల్బమట. నాలుగు వైపులు."

"మరి మీ అమ్మ?"

"అమ్మ కూడా సరే అంది." రూతు కిసుక్కుమంది. "నీకు ఈతొచ్చో రాదో కనుక్కోమంది."

అదండీ సంగతి. నాకు రాదు. మీలో ఎవరికైనా వస్తే ఆదివారం లోపల నేర్పండి. టీ డబ్బులు నేనే ఇస్తాను.