ర్యాకులో మిగిలిన మెత్త

ఆపరేషన్ థియేటర్లో ఆయన్ని అందరూ మెత్తల బాబాయ్ అంటారు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన పని ఒక్కటే. మత్తులోకి జారిన మనిషిని డాక్టరుకు కావలసినట్టు బల్ల మీద పడుకోబెట్టడం: వెల్లకిలా, బోర్లా, లేదా ఒక పక్కకు. మత్తులో ఉన్నవాడికి మోచెయ్యి ఇనుప అంచు మీద రెండు గంటలు నలిగినా తెలియదు. లేచాక వేళ్ళు మాట వినకపోతే అప్పుడు తెలుస్తుంది. అందుకే ఒత్తిడి పడే ప్రతిచోటా స్పాంజి మెత్త పెట్టాలి. తల దగ్గర మొదలుపెట్టి కాళ్ళ దగ్గర ముగించడం ఆయన పద్ధతి.

కత్తెరలు, పట్టకార్లు లెక్కపెట్టి బోర్డు మీద రాయడానికి సిస్టర్ ఉంది. మెత్తల లెక్క మాత్రం ఎవరికీ పట్టదు. ఆయనే మనసులో పెట్టుకుంటాడు. ర్యాకులో ఏడుంటాయి. కిడ్నీ ఆపరేషన్‌కు ఆరు పోతాయి, ఒకటి మిగులుతుంది.

"నీ మెత్తలేమైనా కడుపులో పెట్టి కుట్టేస్తారా బాబాయ్, అంత లెక్క?" అని సిస్టర్ ఏడిపిస్తుంది.

"నీ కత్తెర లోపల మర్చిపోతే ఎక్స్‌రేలో కనిపిస్తుందమ్మా. నేను మెత్త మర్చిపోతే ఎందులోనూ కనిపించదు."

ఆ రోజు బల్ల ఎక్కినవాడు ఒక దర్జీ. కుడి కిడ్నీలో రాయి. సూది గుచ్చబోతుంటే అతను మెత్తల బాబాయ్ చొక్కా పట్టుకున్నాడు.

"అయ్యా, ఎడమ చీలమండ దగ్గర పుండు ఇంకా మానలేదు. దాని కింద ఏదైనా వెయ్యవా?"

"వేస్తాలే. నువ్వు నిద్రపో."

మత్తెక్కాక నలుగురూ పట్టి ఎడమ పక్కకు తిప్పారు. మామూలుగా చీలమండకు పరుపే చాలు. కానీ ఇచ్చిన మాట కదా, ముందు దాని కింద మెత్త పెట్టాడు. తర్వాత పైకొచ్చి మిగతావి సర్దాడు. బెల్టు బిగించి ర్యాకు చూశాడు. ఒకటి మిగిలింది. లెక్క సరిపోయింది. ఆకుపచ్చ గుడ్డలు కప్పేశారు.

వరండాలో టీ తాగుతూ మళ్ళీ లెక్క వేసుకున్నాడు. చీలమండతో కలిపి ఈ రోజు ఏడు పోవాలి. ర్యాకు ఖాళీ కావాలి. మరి ఆ ఒకటి ఎలా మిగిలింది?

తల కింద పెట్టాడు. చంక కింద పెట్టాడు. మోచెయ్యి? తుంటి? చేతులకు గుర్తుండాల్సిన పని, చేతులు ఏమీ చెప్పడం లేదు. గ్లాసు కింద పెట్టి లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. తలుపు అద్దంలోంచి చూశాడు. పెద్ద డాక్టర్ వంగి పనిచేస్తున్నాడు. కిందటి నెల ఎవరో దగ్గారని పట్టకారు విసిరేసిన మనిషి. ఇంకో అరగంటలో అయిపోతుందేమో, లేచాక చూసుకోవచ్చేమో. కానీ దర్జీకి చేతులే బతుకు.

మాస్కు కట్టుకుని లోపలికి వెళ్ళాడు.

"సిస్టరమ్మా, ర్యాకులో మెత్త నువ్వేమైనా పెట్టావా?"

"ఇప్పుడా బాబాయ్ అడిగేది? నేనేం పెట్టలేదు."

"ఏంటక్కడ గుసగుసలు?" పెద్ద డాక్టర్ తలెత్తలేదు.

"సార్, ఒక మెత్త మర్చిపోయా. ఎక్కడో తెలీదు. గుడ్డ కిందకి దూరి చూడాలి."

పెద్ద డాక్టర్ చెయ్యి ఆపాడు.

"ఎంతసేపైంది?"

"గంటా నలభై నిమిషాలు సార్."

"బల్ల కదిలిందో, ముందు నిన్ను కుట్టేస్తా. దూరు."

ర్యాకులో మెత్త తీసుకుని, తల వైపు నుంచి టార్చితో పాక్కుంటూ వెళ్ళాడు. ఎడమ మోచెయ్యి ఇనుప అంచు మీద ఉంది. చర్మం ఎర్రగా గాడి పడింది. రెండు వేళ్ళతో ఎత్తి మెత్త జరిపాడు. బయటికొచ్చేసరికి చొక్కా తడిసి ముద్దయింది.

సాయంత్రం వార్డులో దర్జీ కళ్ళు తెరిచాడు.

"ఎడమ చెయ్యి చాపు. చిటికెన వేలు కదుపు."

"కోసింది నడుం దగ్గర కదయ్యా, చిటికెన వేలు సంగతి నీకెందుకు?" అంటూనే కదిపాడు. ఆ వేలూ దాని పక్క వేలూ తిమ్మిరెక్కి బద్ధకంగా వంగాయి. దర్జీ ముఖంలో నవ్వు పోయింది.

"మోచెయ్యి కింద మెత్త పెట్టలేదు. తప్పు నాది. డాక్టరుగారికి చెప్పాను, రాసుకున్నారు."

దర్జీ ఆ వేళ్ళని కుడిచేత్తో నొక్కి చూసుకున్నాడు. "బట్ట పట్టుకునేది ఈ చేత్తోనే," అన్నాడు.

డాక్టర్ పరీక్ష చేసి నరం తెగలేదు, నలిగిందన్నాడు. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేదు. మెత్తల బాబాయ్ రోజుకు మూడుసార్లు వార్డుకు వెళ్ళాడు. ఇంట్లో భార్య బల్ల మీద మోచెయ్యి ఆనించి కూర్చుంటే తువ్వాలు మడిచి కింద పెట్టబోయాడు. "నేను మత్తులో లేను, తీసెయ్," అందామె.

అయిదో రోజు దర్జీ ఆయన్ని ఎగాదిగా చూసి, "ఆ వేలాడే గుండీతోనే తిరుగుతున్నావా రోజూ? చొక్కా ఇటివ్వు," అన్నాడు. సూదీ దారం భార్యతో తెప్పించుకున్నట్టున్నాడు. మెత్తల బాబాయ్ బనీనుతో నిలబడి గుండీని చూడలేదు, చిటికెన వేలినే చూశాడు. అది వణికింది, బట్ట అంచు జార్చింది, మళ్ళీ పట్టుకుంది.

"తిమ్మిరి పోయిందా?"

"సగం. ఊరికే అడక్కు, కుట్టు తప్పుతుంది."

మర్నాడు పొద్దున్న బల్ల మీద ఒక పెద్దావిడ మోకాలి కింద ఏదైనా పెట్టమంది. "అక్కడికొస్తానమ్మా, ముందు తల," అన్నాడు. పెట్టాల్సినవి పెట్టి ర్యాకు చూశాడు. లెక్క సరిపోయింది. అయినా గుడ్డలు కప్పబోతున్న సిస్టర్‌ని చేత్తో ఆపి, ప్రతి మెత్తనూ మళ్ళీ తడిమి చూశాడు.