రాయి వదలని బ్లెన్నీ

2023 వేసవి. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక స్టార్టప్ ఆఫీసు రిసెప్షన్‌లో ఆరడుగుల ఉప్పునీటి ట్యాంకు ఉండేది. వారానికోసారి వెళ్లి దాన్ని శుభ్రం చేసేది నేనే. బొమ్మనహళ్ళిలో నాది చిన్న అక్వేరియం షాపు. దాన్ని నిలబెట్టింది ఆ ఒక్క కాంట్రాక్టే.

ఆ ట్యాంకులో ఒక జత బ్లెన్నీలు ఉండేవి. సముద్రం ఒడ్డున రాళ్ల సందుల్లో, లోతులేని నీళ్లలో బతికే వేలెడంత చేపలు. మట్టిరంగు, ఉబ్బు కళ్లు. మగది రోజంతా రాతి కంతలోంచి తల బయటపెట్టి వచ్చేపోయేవాళ్లను గుర్రుగా చూసేది. అందం లేదు, పొగరుంది. నాకది భలే ఇష్టం.

అడ్మిన్ మేనేజరుకు ఇష్టం లేదు. గుంటూరు మనిషి, చెడ్డవాడేం కాదు. "మేడమ్, మండే ఇన్వెస్టర్లు వస్తున్నారు. ఆ డల్ ఫిష్‌లు తీసేసి కలర్‌ఫుల్‌గా ఏమైనా వెయ్యండి," అన్నాడు.

సరేనన్నాను. ఆడది వలకు చిక్కింది. మగది కంతలో దూరింది. అలాంటప్పుడు లైవ్ రాక్‌నే పైకెత్తుతాం. లైవ్ రాక్ అంటే సూక్ష్మజీవులు పట్టి, నీళ్లను శుభ్రంగా ఉంచే సముద్రపు రాయి. నీళ్లు జారిపోగానే చేప బెదిరి కింద పట్టిన బకెట్లోకి దూకేస్తుంది.

ఎత్తాను. దూకలేదు. వేలు పెట్టి కదిలిస్తే కరిచింది. టార్చి వేసి చూద్దును కదా, కంత గోడకు గసగసాల్లా గుడ్లు! బ్లెన్నీల్లో గుడ్లకు కాపలా తండ్రిది. నాకు సిగ్గేసింది. రాయిని గబగబా నీళ్లలో దించేశాను.

"ఏమైంది మేడమ్?"

"గుడ్లుండాయప్పా. నాయన కాపలా ఉండాడు. నేను తీయను."

"చేపకి సెంటిమెంటేంటండీ? మీరు కాకపోతే ఇంకొకరు తీస్తారు."

"ఇంకొకరు వచ్చేలోపల రాయితో సహా నేనే తీసుకుపోతా. బదులు రాయి వచ్చే వారం ఇస్తాలే."

"ఇప్పుడు రాయి తీస్తే మండేకి ట్యాంకు బోసిపోద్ది. కాంట్రాక్ట్ క్యాన్సిల్ అవుద్ది మేడమ్."

"కానీప్పా."

ఆ నీళ్లతోనే బకెట్ నింపి, రాయి మునిగేలా పెట్టి, ఆటోలో కాళ్ల మధ్య పట్టుకుని షాపుకి తెచ్చాను. ఆడదాన్నీ తెచ్చాను. కాంట్రాక్టు పోయింది. గుడ్లు పగిలి పిల్లలొచ్చాయి కానీ ఒక్కటీ దక్కలేదు. అంత సన్నపిల్లలకు మేత పెట్టడం అప్పటికి నాకు చేతకాదు. ఏడ్చాను కూడా.

"ఏం సాధించినావే?" అన్నాడు మా ఆయన.

"కంతలో నాయనా తగ్గలేదు, నేనూ తగ్గలేదు," అన్నాను.

ఇప్పుడు ఎవరి ట్యాంకులో రాయి కదపాలన్నా ముందు కంతల్లోకి చూస్తాను. లోపల కాపురముంటే పని ఆపేస్తాను. కస్టమరే దేవుడంటారు మా వ్యాపారంలో. ఉండనీ. దేవుడు కాస్త ఆగాలి.