పసుపు కుంకుమలు పెట్టిన పైపులు

బుద్ధి నాకు ఎప్పుడూ బిందు సేద్యం పద్ధతిలోనే అందుతుంది: ఒక్కో చుక్కగా, అదీ ఆలస్యంగా. లేకపోతే మా చిన్న తెలుగు సంఘం అధ్యక్షుడి మాట నమ్మి, ఈ ఎడారి దేశంలో మా కార్మికులుండే ఐకాడ్ క్యాంపులో మంచం మంచం తిరిగి చందాలు ఎందుకు అడుగుతాను?

మా ఫ్యాక్టరీ వెల్డర్‌ది పాలమూరు. వాళ్ల ఊళ్లో కొన్నేళ్లుగా వానలు అదును తప్పుతున్నాయి, బోర్లలో నీళ్లు సన్నబడ్డాయి. ఆ కాసిన్ని నీళ్లతో వేరుశనగ దక్కాలంటే డ్రిప్ పైపులే దిక్కు. యాసంగి విత్తే లోపే పంపిస్తామని అధ్యక్షుడు మాటిచ్చారు.

ఆ వేసవిలో సభ పెట్టారు. భూతాపం మీద ఉపన్యాసం ఎంత చల్లటి హాల్లో సాగిందంటే, నాకు కప్పిన సన్మాన శాలువాను నేను దుప్పటిలా చుట్టుకుని విన్నాను. ఆ చందాలతో కొన్న పైపు చుట్టలను వేదిక మీద పెట్టి, పసుపు రాసి, వరసగా కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. పైపులకు పూజ, పైపై సేవ.

తరువాత ఎప్పుడడిగినా ఒకటే జవాబు: "షిప్‌మెంట్‌లో ఉన్నాయండీ."

చలికాలం మొదట్లో ఒక శుక్రవారం అధ్యక్షుడు తన విల్లాలో సభ్యులందరికీ భోజనాలు పెట్టారు. సంగతేదో ఆయన నోటితోనే వినిపిద్దామని వెల్డర్‌ని వెంట తీసుకెళ్లాను. పచ్చిక మీద బల్లలు. పచ్చికలో నల్లటి పైపులు, చుక్క చుక్కగా నీళ్లు. వెల్డర్ వంగి చూశాడు.

"సార్, గివి మన పైపులే. బొట్టు సుత పోలే సూడు. ఊళ్లె విత్తనం సిద్ధం జేస్కొని కూసున్నరు. ఈడ గడ్డికి తాపుతున్నరా?"

నోట్లో ఉన్న గారె మింగబుద్ధి కాలేదు. ఆ ఇంటి మీదా, దానికి చందాలు మోసిన నా మీదా ఒకేసారి అసహ్యం వేసింది.

అధ్యక్షుడు నవ్వుతూ వచ్చారు. "ఊరికే పడుండటం ఎందుకని ట్రయల్ వేశామండీ. ఇదంతా రైతుల కోసమేగా!"

"ట్రయల్ బ్రహ్మాండం!" అని నేను అందరికీ వినబడేలా అరిచాను. "పైపులు ఇవాళే కార్గోకి వెళ్తున్నాయి. అధ్యక్షులవారు స్వహస్తాలతో చుట్టడం మొదలుపెడతారు!"

తెలుగువాళ్లం, చప్పట్లకు కారణం అడగం. అందరూ కొట్టారు. అన్ని చప్పట్ల మధ్య కాదనడం ఏ అధ్యక్షుడి వల్లా కాదు. పట్టు లాల్చీతో బురదలో వంగారు.

"యల్లా సాబ్, జల్ది కానియ్యుండ్రి, గా మూలకు ఇంకో వరస ఉన్నది," అన్నాడు వెల్డర్.

ఆ వరస కూడా అయ్యేదాకా నేను చప్పట్లు ఆగనివ్వలేదు.