బావగారి మూడో ప్రాయశ్చిత్తం

మా బావగారు ఒక్క బిస్కత్తు వల్ల వెలి పడ్డారు. కాలువ లాకుల దగ్గర ఆయన ఉద్యోగం. ఒకనాడు ఏదో పని మీద దొరగారి పడవ ఎక్కి, ఆ దొర చేతిలో పెట్టిన బిస్కత్తును మర్యాద కోసం నోట్లో వేసుకున్నారు. పడవ ఒడ్డు చేరేలోగా ఆ కబురు రాజమండ్రి చేరింది.

అక్కా బావగారూ మా ఇంట్లోనే ఉండేవారు. ఆనాటి నుంచి ఆయన భోజనం పశువులసావిట్లోకి మారింది. అక్క దూరంగా నిలబడి విస్తట్లో వడ్డించి వచ్చేది. ప్రాయశ్చిత్తంగా పంచగవ్యం పుచ్చుకోవాలని పెద్దలు చెప్పారు. ఆవుపాలు, పెరుగు, నెయ్యి ఆయనకు ఇష్టమే. పేడ చిటికెడే కనుక కళ్ళు మూసుకుని మింగేవారు. చిక్కంతా గోమూత్రంతోనే. వాసన తగిలితే చాలు, మిగతా నాలుగూ కూడా బయటికి వచ్చేసేవి. రెండుసార్లు అలాగే జరిగింది. కక్కితే చెల్లదు. మూడోసారీ కక్కితే భార్యాభర్తలిద్దరికీ శాశ్వతంగా వెలేనని ఆ పెద్దలకు పెద్ద, వేదపండితులు ఘనపాఠిగారు తేల్చేశారు.

పైగా ఈసారి గోమూత్రం ఎర్రని కపిల గోవుదే కావాలన్నారు. మా పేటలో కపిల గోవు లేదు. ఆత్రేయపురం నుంచి పడవ మీద తెప్పించాం. పడవ ఆగి ఆగి వచ్చేసరికి బాగా నిలవైంది. కుండ మూత తీయకముందే వీధి వీధంతా ముక్కు మూసుకుంది.

అప్పట్లో నేను సేద్యం పిచ్చి ఉన్న ఒక దొర దగ్గర గుమాస్తాని. ఆయన గాజు గొట్టంలో మట్టి నింపి, పైనుంచి పెంటనీళ్ళు పోసి, కింద తేటనీరు దిగుతుంటే మురిసిపోయేవారు. ఎరువులోని సారాన్ని మట్టి పట్టుకుని, బదులుగా తనలోని సున్నాన్ని నీటికి వదులుతుందట. గోమూత్రాన్నీ అలాగే దించితేనో అని నాకు తోచింది. ఘనపాఠిగారిని అడిగాను.

"మట్టి పవిత్రమేనండి. దోషం లేదు," అన్నారు.

వేరే కుండ అడుగున చిల్లు పెట్టి, గుడ్డ అడ్డం వేసి, ఆరిన రేగడి మట్టిలో ఇసుక కలిపి నింపాను. ఒట్టి రేగడిలోంచి నీరు దిగదు. గోమూత్రం పోస్తే బొట్టు బొట్టుగా రాగి చెంబులోకి దిగింది. రంగు లేదు, వాసన లేదు.

బావగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఒరేయ్ బావమరిదీ, ఇలాంటివి పది చెంబులైనా తాగుతానురా!"

మర్నాడు పెద్దలను వెంటబెట్టుకుని ఘనపాఠిగారు వచ్చారు. వెలి పడ్డ మనిషి ఉన్న ఇంట్లో ఆయన పచ్చి మంచినీళ్ళు ముట్టరు. అందుకని తన నూతి నీళ్ళు తన రాగి చెంబులో తనే తెచ్చుకున్నారు. మా చెంబు ఎత్తి వాసన చూశారు.

"ఇవి నీళ్ళండి. గుణమేదీ?"

"మట్టిలో ఉందండి," అన్నాను.

"ఉందని నమ్మకమేంటి?"

నేను ఊరుకోవలసింది. కుండ కింద వేరే గిన్నె పెట్టి, పొయ్యిలోని బూడిద కలిపి తేర్చిన నీళ్ళు ఆ మట్టి మీద పోశాను. కాసేపటికి మట్టి తాను పట్టుకున్నదాన్ని కొంచెం కొంచెంగా వదలసాగింది. పెద్దలందరూ ఉత్తరీయాలు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు.

"చూశారా! గుణం మట్టిలోనే ఉంది. కనుక మట్టే తినాలి," అన్నారు ఘనపాఠిగారు.

"ఎంతండీ?" అన్నారు బావగారు నీరసంగా.

"అంతా."

"కుండతో సహానా అండీ?" అంది తలుపు చాటు నుంచి అక్క.

పెద్దలకు అది వినబడలేదు. మట్టిని పొడిగా తినాలా, నేతితో కలుపుకోవచ్చా అని వాళ్ళు వాదనలో పడ్డారు. ఎండ ముదిరింది. ఘనపాఠిగారి గొంతు ఎండిపోయింది. చేతికందిన చెంబు ఎత్తి గడగడా పోసుకున్నారు.

"మా నూతి నీళ్ళు ఇవాళ కాస్త ఉప్పు తిరిగాయేంటి?"

"మీ చెంబు అదిగోనండి, గుంజ పక్కన," అంది అక్క. "మూతైనా తీయలేదు."

బావగారు వినయంగా చేతులు కట్టుకుని అడిగారు. "తమరు పుచ్చుకున్నది మా ఇంటి నీళ్ళా అండీ, గోమూత్రమా అండీ?"

నీళ్ళయితే ఆయనా వెలే. ఘనపాఠిగారు మూతి తుడుచుకున్నారు.

"గోమూత్రమే. సందేహం లేదు. కపిల గోవుది."

"మరి గుణం మట్టిలో ఉందన్నారు?" అన్నారొక పెద్దాయన.

"గుణం పోతే వస్తువు మారిపోతుందా? మీకు జుట్టంతా ఊడింది, మీరు మీరు కాకుండా పోయారాండీ?"

చెంబులో మిగిలినదాన్ని మిగతా నాలుగింటితో కలిపి బావగారు పుచ్చుకున్నారు. మేమంతా ఆయన గొంతుకేసి చూస్తూ నిలబడ్డాం. ఒక్కసారి త్రేన్చారు. అక్క ద్వారబంధం పట్టుకుంది. ఇంకేమీ రాలేదు. ఆనాటి డైరీలో నేను రాసుకున్నది ఒక్క ముక్కే: బావగారు కక్కలేదు.

ఆ మధ్యాహ్నం వెలి తీరి ఆయన పంక్తిలో కూర్చున్నారు. పక్క విస్తరి ఘనపాఠిగారిది. అక్క నెయ్యి వడ్డిస్తుంటే బావగారు చాలనలేదు, ఆమె ఆపలేదు. భోజనం మధ్యలో ఘనపాఠిగారికి పొలమారింది.

అక్క పరుగున వచ్చింది. "ఏ చెంబుతో ఇమ్మంటారండీ?"

ఆయన వద్దని చెయ్యి ఊపి, నీళ్ళు లేకుండానే మింగేశారు.