నల్ల కాడ అడగరాని మాట

నీళ్లు రాకముందు కుళాయి గొట్టంలో గాలి బుసకొడుతుంది. పొద్దున్నే ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు లింగయ్య సారు గుర్తొస్తారు. ఎనభైల్లో, బతుకుతెరువుకు వలస వెళ్లిన మహానగరంలో, కామాటిపురలోని గదికో కుటుంబం ఉండే మా చాల్‌లో ఆయనది మా ఎదురు గది. కాలేజీలో తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. అయినా తెల్లవారగానే అందరిలాగే బకెట్టు పట్టుకుని, మేం నల్ల అని పిలిచే ఉమ్మడి కుళాయి దగ్గర వరుసలో నిలబడేవారు.

నాకు అప్పుడు పెళ్లయిన కొత్త. పాలమూరు పల్లె నుంచి వచ్చిన నా భార్య బాలమణికి ఆ వరుస నరకంలా ఉండేది. ఒకరోజు కింది అంతస్తు ఎల్లమ్మ ఆమె బకెట్టును కాలితో నెట్టి, "పాలమూరు దొరసాని వచ్చింది, జర బాజూకు జరుగుండ్రి!" అంది. అందరూ నవ్వారు. బాలమణి ఖాళీ బకెట్టుతో గదికి వచ్చింది. "ఈడ నాకు సుఖం లేదు. నన్ను ఊరికి తోలు. మళ్ల రాను," అంది. నేను టికెట్టు కొనడానికి బయల్దేరాను.

మెట్ల మీద సారు ఆపి, సంగతంతా విన్నారు.

"నల్ల కాడ అడిగితే ఈ చాల్‌ల ఎవరన్న సుఖంగున్నమంటరా, సాయిలూ? నేను గూడ అనను."

"మరి బతుకమ్మ నాడు అడగాల్నా సార్?"

"ఆనాడు ఎల్లమ్మ గూడ మంచిగనే కనవడ్తది. అది గూడ లెక్కకు రాదు," అని నవ్వారు.

ఆ క్షణం మనసెలా ఉంటే బతుకంతా అలాగే ఉందనిపిస్తుందని, మనస్తత్వశాస్త్రం పట్టుకున్నది ఈ పొరపాటునేనని చెప్పారు. పాత తత్వవేత్తలైతే సుఖాన్ని క్షణంలో కాక మనిషి బతికే తీరులో వెతికారట. "సుఖమా అని అడగకు. ఆదివారం తిన్నంక, ఈడ ఏం వదిలి పోతున్నవని అడుగు."

ఆ ఆదివారం మధ్యాహ్నం బియ్యం ఏరుతున్న బాలమణిని అలాగే అడిగాను. చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టింది.

"ఎల్లమ్మకు రవిక కుట్టుడు నేర్పుతున్న," అంది.

"ఏ ఎల్లమ్మ? నిన్ను తిట్టినామెనా?"

"నల్ల కాడ తిడ్తది. పగటిపూట వచ్చి నా పక్కనే కూసుంటది. రవికకు చేతులు పెట్టుడు ఇంకా రాలే దానికి. సగంల వదిలి ఎట్ల పోవాలె?"

బాలమణి ఉండిపోయింది. వరుసలో తిట్లు మాత్రం ఆగలేదు. సారుకు చెబితే, "చేతులైనంక మెడ నేర్పమను," అన్నారంతే.

ఆ రోజుల్లో డైరీలో ప్రతి పుట చివర మంచి రోజు అనో చెడ్డ రోజు అనో రాసేవాణ్ణి. ఆ ఆదివారంతో అది మానేశాను. ఉద్యోగ విరమణ చేసి ఇన్నేళ్లయినా, ఇప్పటికీ పుట చివర ఒక్క వాక్యమే రాస్తాను: రేపటికి ఏ పని సగంలో మిగిలి ఉందో.