కెప్టెన్ ఒక్కడే మాట్లాడాలి

మనిషి చేతికి విజిల్ ఇచ్చి చూడండి, వాడి అసలు రంగు బయటపడుతుంది. కుర్చీ ఇస్తే కొంత దాచుకుంటాడు. కర్ర ఇస్తే తిప్పుకుంటూ కాలక్షేపం చేస్తాడు. విజిల్ సంగతి వేరు. ఊదగానే ముప్ఫై మంది ఉన్నచోట ఆగిపోతారు. ఆ ఆగిపోవడం ఒక్కసారి రుచి చూసినవాడు ఇక మామూలు మనిషిగా బతకలేడు. గేటు దగ్గర కాపలావాడికి, లైబ్రరీలో "ష్" అనే గుమాస్తాకి, బస్సులో టిక్కెట్లు తనిఖీ చేసేవాడికి పట్టే జబ్బే ఇది. దేశాలు మారినా ఈ జబ్బు లక్షణాలు మారవు.

పళ్ళాయనకి ఈ జబ్బు పట్టి తొమ్మిదేళ్ళయింది.

పళ్ళాయన అంటే పళ్ళ డాక్టరు అనుకునేరు. డాక్టరు ముందు గదిలో, ఏసీలో, అద్దాల తలుపు వెనక ఉంటాడు. ఈయన వెనక వైపు, మెట్ల కింద గదిలో కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. డాక్టరు రోగి నోట్లో నొక్కి తీసిన అచ్చు ఒక డబ్బాలో పెట్టి పంపిస్తే, ఈయన అందులో ప్లాస్టర్ పోసి, దవడ తీసి, మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కొక్క పన్నూ కూర్చి, అరగదీసి, మెరుగు పెట్టి తిరిగి పంపుతాడు. ఊళ్ళో సగం మంది పెద్దమనుషులు ఈయన చేసిన పళ్ళతో నవ్వుతున్నారు. వాళ్ళలో ఒక్కడికీ ఈయన మొహం తెలియదు. గోడ అల్మరాలో వాళ్ళ ప్లాస్టర్ దవడలు పేర్ల చీటీలతో వరుసగా ఉంటాయి. బ్యాంకు మేనేజరుది ముందుకి పొడుచుకొచ్చిన కుక్క దవడ. హెడ్మాస్టరుది రాత్రిళ్ళు పళ్ళు కొరికి అరిగిపోయిన దవడ. ముప్ఫై ఏళ్ళు ఇవే చూస్తూ కూర్చున్నవాడికి మానవజాతి మీద గౌరవం ఎంత మిగులుతుందో మీరే లెక్కేసుకోండి.

వారమంతా నోళ్ళతో వేగి, ఆదివారం తెల్లారగానే బూట్లు తుడుచుకుని రగ్బీ మైదానానికి పోయేవాడు, రెఫరీగా. ఆయన భార్య ఒక బడిలో లెక్కల టీచరు, మాట తూకం వేసి మాట్లాడే మనిషి.

"ఆదివారం పూట కూడా ఎవరిదో ఒకరి నోరు మూయించకపోతే మీకు తోచదా?" అనేది.

"నీకు ఆట తెలీదు, ఊరుకో."

"ఆట తెలీదు గానీ మీరు తెలుసుగా" అని కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టి పోయేది.

తొమ్మిదేళ్ళుగా ఆయనకి దక్కినవన్నీ కుర్రాళ్ళ మ్యాచ్‌లే. పెద్దవాళ్ళ మ్యాచ్‌లకి విజిల్ ఊదాలంటే రగ్బీ సంఘం వారి పరిశీలకులు మూడుసార్లు వచ్చి చూసి, మూడుసార్లూ పాస్ రాయాలి. రెండయ్యాయి. మూడోది ఈ ఆదివారం. యాభై రెండు దాటితే జాబితాలో కొత్తవాళ్ళని చేర్చుకోరు. ఆయనకి యాభై రెండు నిండటానికి ఇంకా నలభై రోజులుంది. అంటే ఇది తప్పితే మళ్ళీ లేదు.

ఆ రోజు మ్యాచ్ పదహారేళ్ళ లోపు వాళ్ళది. ఆకుపచ్చ చొక్కాలు ఒక జట్టు, నీలం చొక్కాలు ఒక జట్టు. ఇద్దరు కోచ్‌లకీ పాత పగ. ఆకుపచ్చల కోచ్ ఇన్సూరెన్స్ ఏజెంటు. చావు గురించి తప్ప వేరే మాట రాదు. "అలా ఆడితే చస్తార్రా" అన్నది ఆయన వ్యూహం. నీలాల కోచ్ డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఆట మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా "తొక్కు! తొక్కు!" అని ఒకటే అరుపు. అతని దగ్గర నేర్చుకున్నవాళ్ళ బళ్ళకి బ్రేకులున్నాయో లేదో దేవుడికెరుక.

ఇక గీత బయట నిలబడ్డ తల్లిదండ్రులు! సంతలో పశువుల్ని అమ్మేవాళ్ళలో కూడా ఇంతకంటే మర్యాద ఉంటుంది. చేతికి గడియారం, కాళ్ళకి మంచి బూట్లు, వారమంతా ఆఫీసులో పై అధికారి ముందు పిల్లిలా ఉండి, ఆదివారం ఇక్కడికొచ్చి కన్నకొడుకు భుజం మీద తుపాకి పెట్టి కాల్చే శూరులు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో అన్నట్టు, ఆడేవాడికి లేని రోషం చూసేవాడికి.

సంఘం నుంచి వచ్చిన పరిశీలకురాలు ఒకప్పుడు తనూ రెఫరీ చేసిన ఆవిడే. మడత కుర్చీ, గొడుగు, అట్టకి క్లిప్పు పెట్టిన కాగితాలు. గీత పక్కన కూర్చుని, మొదటి పది నిమిషాలు బాగానే చూసింది. తర్వాత ఎవరో తండ్రి ఆవిడ కుర్చీకి అడ్డం నిలబడ్డాడు. ఆ తగాదా ఆట ఆఖరుదాకా సాగింది.

మొదలుపెట్టే ముందు పళ్ళాయన రెండు జట్లనీ పిలిచి తొమ్మిదేళ్ళుగా చెప్తున్న ఉపన్యాసమే చెప్పాడు.

"మైదానంలో నాతో కెప్టెన్ ఒక్కడే మాట్లాడాలి. మిగతా పద్నాలుగు నోళ్ళూ అన్నం తినడానికే. అర్థమైందా?"

"అర్థమైంది సార్" అన్నారు ముప్ఫై మందీ.

ఇది ఆయన కల్పించుకున్నది కాదు, రగ్బీలో ఉన్న పద్ధతే. రెఫరీతో ఏ ఫిర్యాదైనా కెప్టెన్ నోటి ద్వారానే రావాలి. మంచి పద్ధతే. లేకపోతే ముప్ఫై మంది ఒకేసారి అరిస్తే సంతే.

పన్నెండో నిమిషంలో ఆకుపచ్చల కెప్టెన్, పుల్లలాంటి కుర్రాడు, కిందపడి భుజం పట్టుకున్నాడు. బయటికి తీసుకెళ్ళి ఐసు ముక్కల సంచి పెట్టి బెంచీ మీద కూర్చోబెట్టారు. బదులుగా ఇంకొకడు వచ్చాడు. పళ్ళాయన ఆ వచ్చినవాడి బూట్లు ఎత్తించి, అడుగున మేకులు ఒక్కొక్కటే తడిమి చూశాడు. గోళ్ళు చూశాడు. పరిశీలకురాలు చూస్తుందేమోనని ఇంకోసారి చూశాడు. "ఇప్పుడు మీ కెప్టెన్ ఎవరు?" అనే నాలుగు ముక్కలు మాత్రం అడగలేదు. చెప్పాల్సిన ఆకుపచ్చల కోచ్ అప్పుడు డ్రైవింగ్ స్కూలాయన వంశవృక్షం వివరిస్తున్నాడు.

అంతే. ఆ నిమిషం నుంచి ఆకుపచ్చ జట్టుకి నోరు లేదు. ఆ సంగతి నోరు తీసేసినాయనకే తెలియదు.

రగ్బీలో స్క్రమ్ అని ఒకటుంది. రెండు జట్లలోనూ ఎనిమిదేసి మంది ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుని, తలలు దించి, పొట్టేళ్ళలా ఎదుటివాళ్ళని నెడతారు. ఆ తలల కింద ఏం జరుగుతుందో పైవాడికి కనబడదు. ఆకుపచ్చల్లో మూడో నంబరు భారీ మనిషి, నిదానస్తుడు. సొంత జట్టువాళ్ళే "బస్తా" అంటారు. మొదటి స్క్రమ్ విడిపోగానే వాడు చెయ్యి పట్టుకుని వచ్చాడు.

"సార్, వాడు..."

"నువ్వు కెప్టెన్‌వా?"

"కాదు సార్."

"మరి?"

బస్తా వెనక్కి పోయాడు. ఇంకాసేపటికి రెండో స్క్రమ్. మళ్ళీ వచ్చాడు, కళ్ళలో నీళ్ళతో.

"సార్, ఒక్క మాట సార్..."

"మీకు ఎన్నిసార్లు చెప్పాలిరా? కెప్టెన్‌ని రమ్మను."

వాడు బెంచీ వైపు చూశాడు. బెంచీ మీంచి ఐసు సంచి పట్టుకున్న కుర్రాడు లేచి, "సార్, వాడి మాట వినండి సార్!" అని అరిచాడు. పళ్ళాయన ఠీవిగా గీతదాకా నడిచి వెళ్ళి, "బయట ఉన్నవాళ్ళు మైదానంలోకి అరవకూడదు. ఇంకోసారి అరిస్తే ఇంటికి పంపిస్తా" అన్నాడు. నడకకి కూడా మార్కులుంటాయని ఆయనకి తెలుసు. తల్లుల్లో ఒకావిడ, "ఏవయ్యా, కళ్ళు ఇంట్లో మర్చిపోయొచ్చావా?" అంది. ఇలాంటి మాటలు ఆయనకి గడ్డిపరకతో సమానం.

విరామం తర్వాత మూడో స్క్రమ్. మూడోసారీ బస్తా వచ్చాడు. ఈసారి వాడు నోరు తెరవకముందే పళ్ళాయన చెయ్యి ఎత్తి ఆపాడు.

నలభయ్యో నిమిషంలో నాలుగో స్క్రమ్‌కి తలలు దించారు. బస్తా దించిన తల పైకెత్తాడు, ఎదురుగా ఉన్న నీలాల ఒకటో నంబరు మొహం మీద పిడికిలితో ఒక్కటిచ్చాడు. వాడు గోనెలా కూలాడు. తర్వాత ఇరవై తొమ్మిది మంది కుర్రాళ్ళూ కలిసిపోయారు. వాళ్ళని విడదీయడానికని వచ్చిన తండ్రులు, విడదీయడం చేతకాక, తమలో తాము మొదలుపెట్టారు. ఇన్సూరెన్స్ ఏజెంటు అద్దాలు పోయాయి. ఒక తల్లి మంచినీళ్ళ సీసాతో ఎవరి వీపో సాపు చేసింది. ఎవరిదని చూడలేదు, ఏదో ఒక వీపు దొరికింది చాలు.

పళ్ళాయన విజిల్ మూడుసార్లు ఊదాడు. ఆగారు. ఎర్ర కార్డు తీసి బస్తా మొహం ముందు నిలువుగా పట్టాడు. వాడు వెళ్ళిపోయాడు. ఆ క్షణంలో ఆయన మనసు ఎంత చల్లగా ఉందంటే, పాపం, మెట్ల కింద గది గుర్తే లేదు.

ఆట అయ్యాక పక్కన సామాన్ల గదికి వెళ్ళాడు. ముగ్గు సంచులు, గీతలు గీసే బండి, గాలి పోయిన బంతులు, ఒక బల్ల. పరిశీలకురాలు బల్ల ముందు కూర్చుని రాస్తోంది.

"చూడండి, కొట్లాట బాగా అదుపు చేశారు. కార్డు తీయడానికి తటపటాయించలేదు, అది నాకు నచ్చింది. పాస్ రాస్తున్నాను."

"థాంక్స్ మేడం."

"మీ రిపోర్టు ఇచ్చేస్తే ఆ కాగితం కూడా పట్టుకుపోతాను."

ఎర్ర కార్డు చూపిస్తే రెఫరీ మైదానం వదిలే లోపు రిపోర్టు రాయాలి. అచ్చు కాగితం. ఏం జరిగింది, ఎన్నో నిమిషం, కవ్వింపు ఏమైనా ఉందా? ఆయన కలం తీశాడు. అప్పుడు తలుపు తోసుకుని సీసా తల్లి లోపలికి వచ్చింది, బస్తాని జబ్బ పట్టి లాక్కుంటూ. వాడు ఆవిడ కొడుకు.

"చూడు! నువ్వే చూడు! కళ్ళు పెట్టుకుని చూడు!" అని వాడి చొక్కా చెయ్యి భుజందాకా పైకి లాగింది.

జబ్బ లోపలివైపు, మెత్తటి చోట, పళ్ళ గాట్లు. మనలాంటివాళ్ళయితే "అయ్యో, గాయం" అంటాం. ఆయన ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నవి ఇవే. పై పలువరస, కింది పలువరస, మూడుచోట్ల, మూడు వేరువేరు కాట్లు. ఒకటి అప్పుడే కమిలి నల్లబడుతోంది, ఒకటి ఎర్రగా ఉబ్బింది, మూడోదాంట్లో నెత్తురు. మూడు కాట్లు. వాడు మూడుసార్లు వచ్చాడు. నీలాల ఒకటో నంబరు నోట్లో పెట్టుకోవాల్సిన రబ్బరు తొడుగు మేజోడులో దోపుకుని ఉండటం రెండో స్క్రమ్ దగ్గర తనే చూశాడు. తీసి పెట్టుకోమనడానికి బద్ధకించాడు.

"కెప్టెన్ చేత చెప్పించొచ్చుగా?" అన్నాడు.

"కెప్టెన్ బయటికెళ్ళిపోయాడు కదా సార్."

"మరి కొత్త కెప్టెన్?"

"పెట్టలేదు సార్."

"ఆ మాటైనా ఎవరో ఒకరు చెప్పొచ్చు కదరా!"

బస్తా కాస్త ఆలోచించాడు. "కెప్టెన్ ఒక్కడే చెప్పాలన్నారు కదా సార్" అన్నాడు. వాడి గొంతులో వెటకారం లేదు. వాడికి అంత తెలివి లేదు. చెప్పింది చెప్పినట్టు విన్న కుర్రాడు వాడు. ఇరవై ఎనిమిది నిమిషాలు పద్నాలుగు నోళ్ళు అన్నం కోసమే ఉన్నట్టు మూసుకుని నిలబడ్డాయి.

"అది పట్టుకోలేనివాడివి విజిలెందుకయ్యా నీకు? పీపీ ఊదుకో!" అంది తల్లి.

"ఇందాక వాడు స్క్రమ్‌లోకి పోతుంటే 'కొట్టరా వాణ్ణి' అని అరిచింది మీరే కదమ్మా?"

"అరిస్తే? తల్లిని, అరుస్తా! నువ్వు తల్లివా?"

ఆవిడ గెలిచానన్న ధీమాతో కొడుకుని లాక్కుని వెళ్ళిపోయింది.

పరిశీలకురాలు గొడుగు మడుస్తూ, "వీళ్ళ గోల ఎప్పుడూ ఉండేదే. కవ్వింపు లేదు అని కొట్టేయండి. వాడు చేసింది తప్పే కదా" అంది. తప్పే. అందులో అబద్ధం లేదు. కవ్వింపు లేదంటే వాడికి ఆరు వారాల నిషేధం, ఈయనకి పెద్దవాళ్ళ మైదానం. ఆవిడ కెప్టెన్ సంగతి గమనించలేదు. కోచ్ చచ్చినా ఒప్పుకోడు. అడిగేవాడు లేడు.

పళ్ళాయన కాగితం చూస్తూ కూర్చున్నాడు. ఊరందరి నోళ్ళూ ఎరిగినవాడినని ముప్ఫై ఏళ్ళు మురిసిపోయాడు. ఎదురుగా వచ్చి తెరుచుకున్న నోటిని మూడుసార్లు చేత్తో మూశాడు. బ్యాంకు మేనేజరు మీద, హెడ్మాస్టరు మీద, గీత బయట మందల మీద ఇన్నాళ్ళు వాడిన చీదరింపు ఆ గదిలో తన మీదికే తిరిగింది. అది ఒక మనిషికి ఎంత బరువో మొదటిసారి తెలిసింది.

రాశాడు. పన్నెండో నిమిషంలో కెప్టెన్ బయటికి వెళ్ళాడు. కొత్త కెప్టెన్ ఎవరని రెఫరీ అడగలేదు. మూడో నంబరు మూడుసార్లు ఫిర్యాదుకి వచ్చాడు, రెఫరీ వినలేదు. చేతి మీద మూడు పంటికాట్లు రెఫరీ స్వయంగా చూశాడు. కవ్వింపు: ఉంది. కింద సంతకం పెట్టి కాగితం ఆవిడ ముందుకి జరిపాడు.

ఆవిడ చదివింది. ఇంకోసారి చదివింది. మెడ కొద్దిగా ఎర్రబడింది.

"ఇది నేను తీసుకెళ్తే మీకు పాస్ రాయలేను. తెలుసా?"

"తెలుసు మేడం."

"ఇంకో అవకాశం..."

"లేదు. అదీ తెలుసు."

ఆవిడ తన కాగితం మీద పాస్ కొట్టేసింది. తర్వాత చుట్టూ ఒకసారి చూసి, కలం తీసి, ఆయన రిపోర్టు పక్కన పెట్టుకుని, "కెప్టెన్ మార్పును రెఫరీ నిర్ధారించుకోలేదని పరిశీలనలో తేలింది" అని గుండ్రటి అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది, తానే కనిపెట్టినట్టు. సగంలో ఆగింది.

"ఎన్నో నిమిషం అన్నారు? పన్నెండా, పదమూడా?"

"పన్నెండు" అన్నాడు ఆయన. "అప్పుడు మీరు కుర్చీ జరుపుకుంటున్నారు."

ఆవిడ తల ఎత్తలేదు. పన్నెండు అని రాసుకుంది. బయట ఆకుపచ్చల కోచ్ ఇంకా అద్దాల కోసం గడ్డిలో వెతుకుతున్నాడు. పళ్ళాయన వంగి బూట్ల తాళ్ళు విప్పుకోసాగాడు.