చెయ్యి ఆడితేనే నడిచే వాచీ

పొద్దున లేవగానే చేతివాచీని చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపుతాను. లోపల రేకు తిరిగిన సన్నని చప్పుడు, చాటలో ఒక్క బియ్యపు గింజ దొర్లినట్లు. పన్నెండేళ్లుగా ఈ వాచీ ఒక్క పూట కూడా ఆగలేదు. కీ ఇచ్చే పని లేదు, సెల్లు మార్చే పని లేదు. ధరా పెద్దది కాదు. రిటైరైన గుమస్తా ఇంట్లో తిట్లు పడకుండా కొనుక్కోగలిగినంతే. పెనుకొండ బస్టాండులో ఫోను తీసి టైము చూసుకునే వాళ్లకు ఈ సంగతంతా, వాళ్లు అడగకపోయినా, చెబుతుంటాను.

ఒక్క పూట కూడా ఆగలేదన్నది కొంచెం సాగదీసిన మాట. కొన్న నెలలోనే నాలుగుసార్లు ఆగింది. అమ్మింది హిందూపురం బజారులో దావీదప్ప. నాకంటే పదేళ్లు పెద్ద. కంటికి భూతద్దం బిగించుకుని, నలభై ఏళ్లు ఒకే స్టూలు మీద కూర్చుని వాచీలు బాగుచేసిన మనిషి. ఆయనకు వాచీ ఇచ్చిపోయేవాళ్లు చీటీ అడిగేవాళ్లు కాదు. ఆ నమ్మకమే ఆయన అంగడి.

ఆగిన వాచీ తీసుకుపోతే, ఆయన దాన్ని తన చేతికి కట్టుకున్నాడు. వారం తర్వాత పోయి చూస్తే చక్కగా నడుస్తోంది. ఇంటికి తెచ్చుకున్న మూడో రోజుకు మళ్లీ ఆగింది. ఈసారి అంగట్లో జనం ఉండగానే అరిచాను: "మంచి సామాను పీకేసి పాతది ఏసినావు దావీదప్పా!" అంతటితో ఊరుకున్నానా? ధర్మవరం పోయే బస్సెక్కి, పెనుకొండలో దిగేదాకా ముందు సీటుకూ వెనక సీటుకూ అదే చెప్పాను. కొద్దిరోజుల్లోనే మా ఊరివాళ్లు ఆయన దగ్గరున్న తమ వాచీలు వెనక్కి తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

ఒక ఆదివారం దావీదప్ప చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. నేను వాలుకుర్చీలోంచి లేవను కూడా లేదు.

"ఏమప్పా సారూ, పొద్దున్నించి ఈడనే ఉండావా?"

"ఇంగ యాడికి పోవల్ల? రిటైరైనా గదా."

ఆయన నా వాచీ విప్పి తిరగేశాడు. వెనకవైపు అద్దంలో అరచందమామ లాంటి రేకు కనిపించింది. "నీ చెయ్యి ఆడితే ఇది తిరుగుతాది. ఇది తిరిగితే స్ప్రింగు చుట్టుకుంటాది. నువ్వు రిటైరైతే ఇది గూడా రిటైరయింది. దీనికి నేనేం రిపేరు చేసేది?"

వంటింట్లో మా ఆవిడ నవ్వు నాకు వినిపించింది.

మా ఇంట్లోనే భోంచేసి, ఎండ తగ్గాక నన్ను కొండ దారిలో నడిపించాడు. నేను తన పేరు చెడగొట్టిన సంగతి ఆయన ఎత్తలేదు. బస్టాండుకు వచ్చాక మాత్రం, "ఏందో బస్సులో చెప్పినావంట గదా సారూ. నేను పోయేది గూడా బస్సులోనే" అన్నాడు.

నేనూ ఎక్కాను. కాలు పెట్టే సందు లేదు. అంత జనంలో కమ్మీ పట్టుకుని నిలబడి, "తప్పు వాచీది కాదు, దావీదప్పది కాదు, నాది" అని గట్టిగా చెప్పాను. ఆ తర్వాత మెల్లగా మా ఊరి వాచీలు ఆయన అంగడికి తిరిగి చేరాయి.

ఆయన పోయి రెండేళ్లు. ఇప్పటికీ కూర్చుని కూర్చుని ఒళ్లు బరువెక్కితే, "చెయ్యి ఆడల్ల సారూ" అనే ఆ గొంతు గుర్తొచ్చి, లేచి కొండ వైపు నడుస్తాను. జారిన మాటను జారినచోటే తీసుకోవాలన్నదీ ఆయన దగ్గర నేర్చుకున్నదే.

నిన్న ఇంతవరకు రాసిన ఈ కాగితాలు హిందూపురం తీసుకుపోయి, ఇప్పుడు ఆ స్టూలు మీద కూర్చునే ఆయన కూతురు శాంతమ్మకు చదివి వినిపించాను. కంటి మీది భూతద్దం తీయకుండానే విన్నది.

"అంతా బాగుండాది చిన్నాయనా. మీ ఊరోళ్లు తిరిగొచ్చింది మాత్రం నీ చేతికి నడిచే వాచీ చూసే గానీ, నీ మాట విని కాదు. ఆ పొద్దు బస్సులో ఉన్నింది డ్రైవరు, కండక్టరు, మా నాయన. ఇంగొక్కరు ఎక్కింటే నువ్వు నోరు తెరిచేవాడివే కాదని నాయనే చెప్తాండె."